పాత కంప్యూటర్ కన్నుమూయకముందే

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

నన్ను మాట్లాడమని కబురు రాగానే కాస్త భయమేసింది. సరిహద్దు తెలుగువారి భవిష్యత్తు, భాష, బడులు, ఇలాంటి పెద్ద పెద్ద విషయాలేవో అప్పగిస్తారేమో, మనవల్ల అయ్యేదేనా అనుకున్నాను. తీరా అడిగితే, "మా ఇంట్లో పాత కంప్యూటర్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎలా తెచ్చుకోవాలో చెప్పండి బాబూ, చాలు" అన్నారు. హమ్మయ్య అని ఒప్పేసుకున్నాను. 22 ఏళ్లు ఈ ఊళ్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుపని, చేసినవాణ్ణి. శుభలేఖ ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో కొట్టి ఇచ్చినవాణ్ణి. ఇది నాకు తెలిసిన పనే.

ఈ మధ్య ఈ ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే పాత మెషీన్లలో చాలావాటికి అది ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. దాంతో పిల్లలు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో కొత్త ల్యాప్‌టాప్ పంపేస్తున్నారు. పాతది మూలకు వెళ్తోంది, దానిమీద గుడ్డ కప్పుతున్నాం. ఆ గుడ్డ కింద ఏముందో మాత్రం ఎవరూ చూడటం లేదు.

ఒకాయన సంగతి చెబుతాను. రిటైరైన మాస్టారు, ఇక్కడే కూర్చున్నారు, పేరు చెప్పను. రెండు నెలల క్రితం ఆటోలో సీపీయూని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వచ్చారు. పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. అందులో ఆయన రాసుకున్న పద్యాలు, బడిలో వేసిన నాటికలు, ఎన్నో ఏళ్ల ఠాకురాణీ జాతర ఫోటోలు ఉన్నాయట. మూడేళ్లుగా ఆన్ చేయలేదు. ప్లగ్ పెట్టి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది. బీప్, బీప్ మని అరిచింది.

ఇలాంటప్పుడు కంగారు పడకండి. ప్లగ్ తీసేసి, పక్క మూత విప్పి, ర్యామ్ అనే మెమరీ పట్టీ బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్ల మీద పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, మళ్లీ బిగించాను. మన సముద్రపు గాలికి ఆ పళ్లు మసకబారిపోతాయి. వచ్చేసింది. వచ్చాక తేదీ చూస్తే 2009 జనవరి 1. మాస్టారు నవ్వారు, "నాకు కూడా అంత వయసు తగ్గితే బాగుణ్ణు" అని. లోపల బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే కంప్యూటర్ కాలం మర్చిపోతుంది. ఆ తేదీ సరిచేయకుండా ఇంటర్నెట్ తెరిస్తే ప్రతి వెబ్‌సైటూ ప్రమాదకరం అని బెదిరిస్తుంది. మనవాళ్లు వైరస్ అనుకుని టెన్షన్ పడతారు. తేదీ మారిస్తే సర్దుకుంటుంది.

పాతది లేచి కూర్చుంది కదా అని దానికి వెంటనే సేవలు మొదలుపెట్టకండి. వైరస్ స్కానూ వద్దు, అప్‌డేటూ వద్దు, "చాలా స్లో అయిపోయింది, కాస్త క్లీన్ చేద్దాం" అనడమూ వద్దు. ముసలి డిస్క్ ఎన్ని గంటలు తిరుగుతుందో దేవుడికే తెలుసు. తిరిగే ఆ నాలుగు గంటలూ కాపీకే వాడండి. డిస్క్ లోంచి గడియారంలా టక్, టక్ అని చప్పుడు వస్తే ఆ క్షణమే ఆపేయండి. అప్పుడు ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఖర్చు బాగానే అవుతుంది, అది కూడా చెబుతున్నాను.

ఇక ఫైళ్లు ఎక్కడుంటాయి? "అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయండీ" అంటారు. అలా ఉండవు. విండోస్ ఎక్స్‌పీ మెషీన్ అయితే సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అని ఒక ఫోల్డర్, ఆ తర్వాత వచ్చినవాటిలో యూజర్స్ అని ఒక ఫోల్డర్. దాంట్లో మీ పేరుతో ఉన్నది మొత్తం ఎత్తేయాలి. ఇంట్లో ముగ్గురు ముగ్గురి పేర్లతో లాగిన్ అయితే ముగ్గురివీ. అందులోనే యాప్‌డేటా అని దాగి ఉన్న ఫోల్డర్ ఒకటుంటుంది, ఎక్స్‌పీలో అయితే దాని పేరు అప్లికేషన్ డేటా. బ్రౌజర్ బుక్‌మార్కులు, కొందరి పాత మెయిళ్లు అక్కడే కాపురం. వ్యూలోకి వెళ్లి, దాగినవి చూపించమని టిక్ పెడితే కనిపిస్తుంది. డీ డ్రైవ్, ఈ డ్రైవ్ కూడా తెరవండి. ఎప్పుడో సర్వీస్ చేసిన అబ్బాయి "ఓల్డ్ డేటా" అని ఒక ఫోల్డర్ చేసి దాంట్లో అన్నీ కుక్కి ఉంటాడు. దాంట్లో మళ్లీ "ఓల్డ్ డేటా" ఉంటుంది. నవ్వకండి, నేను నాలుగో "ఓల్డ్ డేటా" దాకా తవ్విన రోజులున్నాయి. షాపు ఉన్నవాళ్లు లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్ ఎక్కడుందో ట్యాలీ లోపలే చూసి రాసుకోండి.

ప్రోగ్రాములు మాత్రం అలా ఎత్తుకొస్తే రావు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేసి కొత్తదాంట్లో పడేస్తే పని చేస్తుందనుకుంటారు. మావిడి చెట్టు కొమ్మ విరిచి తెచ్చి పెరట్లో గుచ్చినట్టే అది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే. సీడీలు, లైసెన్సు నంబర్లు వెతికి పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే ఉండదు, కాబట్టి సీడీల్లో ఉన్నవి కూడా పాతదాంట్లో పెట్టి ఇప్పుడే దించేసుకోండి. ఇంట్లో కాల్చిన సీడీలు పదేళ్లు దాటితే వాటి మీద నమ్మకం పెట్టుకోలేం.

దేంతో మోయాలి అనేది తర్వాతి ప్రశ్న. పెన్ డ్రైవ్ అంటారు అందరూ. కొద్దిపాటి కాగితాలకైతే ఫర్వాలేదు. ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం రోడ్డు పక్కన బండి మీద ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ పెన్ డ్రైవ్ అమ్ముతుంటే, ధర చూసి ఎగిరి గంతేసి కొన్నాను. నా షాపు డేటా మొత్తం దాంట్లోకి వేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి, పేర్లున్నాయి, సైజులున్నాయి. బ్రహ్మాండం అనుకుని పాత డిస్క్ ఫార్మాట్ చేసి మా మేనల్లుడికి ఇచ్చేశాను. వారం తర్వాత ఒక శుభలేఖ తెరిస్తే ఖాళీ. ఇంకోటి తెరిస్తే "ఫైల్ పాడైంది" అని వచ్చింది. మొదట ఎక్కించిన కొన్నే బాగున్నాయి, మిగతావి పేర్లే.

అది దొంగ డ్రైవ్. లోపల ఉన్నది 16 జీబీయో 32 జీబీయో ఉంటుంది. కంప్యూటర్ అడిగితే "నేను టీబీ" అని అబద్ధం చెప్పేలా దాని చిప్‌ని మార్చి పెడతారు. చోటు నిండాక వచ్చినవన్నీ గాలిలో రాసినట్టే. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది డ్రైవ్ నిండా రాసి, మళ్లీ చదివి, ఎంత నిజమో చెబుతుంది. కొత్త డ్రైవ్ కొంటే ముందు ఆ పరీక్ష పెట్టండి. నా మేనల్లుడు అప్పటికే ఆ డిస్క్ నిండా సినిమాలు ఎక్కించేశాడు. తప్పు వాడిది కాదు. కాపీ అయిందని చూశాను గానీ, తెరిచి చూడలేదు నేను. తెరిచి చూసే అలవాటు ఆ రోజు నుంచి పట్టుకుంది.

కాబట్టి కాస్త పేరున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. పాత మెషీన్‌కి ఉండేది యూఎస్‌బీ 2.0. దాంతో సెకనుకు 30 ఎంబీ వస్తే గొప్ప. 100 జీబీ ఎక్కించడానికి గంట పడుతుంది. చవక పెన్ డ్రైవ్ సెకనుకు 10 ఎంబీ రాస్తే అదే పని మూడు గంటలకు దగ్గర. ఒక్కోసారి అంతకన్నా నెమ్మదిస్తుంది, ఎందుకంటే చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు బియ్యం బస్తా ఒక్క మోతలో వెళ్లిపోతుంది, పోపుల డబ్బాలు, గరిటెలు, దేవుడి గూట్లో సామాన్లు సర్దడానికే పూటంతా పడుతుంది కదా. అలాంటిదే. ఆగిపోయిందనుకుని మధ్యలో లాగేయకండి.

పెద్ద పెళ్లి వీడియో ఒకటి ఎక్కనంటే, చోటున్నా ఎక్కనంటే, డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉందన్నమాట. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి, మార్చేటప్పుడు దాంట్లో ఉన్నదంతా పోతుంది కనుక ఖాళీగా ఉన్నప్పుడే మార్చాలి. కట్ చేసి పేస్ట్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. కాపీయే. కరెంటు మనది, దాని సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

పాత మెషీన్ అసలు లేవకపోయినా దిగులు పడకండి, చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. దాన్ని విప్పి, యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ పెట్టి కొత్తదానికి తగిలించవచ్చు. వెడల్పాటి పట్టీ లాంటి కేబుల్ ఉంటే అది ఐడీఈ, సన్నటిదైతే సాటా. ఏదో చూసి దానికి సరిపడే అడాప్టర్ అడగండి. డెస్క్‌టాప్ డిస్క్‌కి విడిగా కరెంటు ఇచ్చే అడాప్టరే తీసుకోవాలి, యూఎస్‌బీ కరెంటు దానికి చాలదు. మీ పాత ఫోల్డర్ తెరవబోతే "మీకు అనుమతి లేదు" అంటుంది. మన ఇంటికి మనల్నే రానివ్వడం లేదేంటి అనిపిస్తుంది. కంటిన్యూ నొక్కి కూర్చోండి, తెరుచుకుంటుంది.

ఇంతవరకు చెప్పింది ఏ ఊరివాళ్లయినా చెబుతారు. మన సంగతి ఇప్పుడు మొదలవుతుంది.

మాస్టారి ఫైళ్లన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లోకి వచ్చాయి. లెక్క సరిపోయింది. పద్యాల ఫైలు తెరిచాం. తెర నిండా నెత్తిన చుక్కలున్న అక్షరాలు, పౌండు గుర్తులు, తిరగేసిన ప్రశ్నార్థకాలు. మనవరాలు పక్కనే ఉంది. "తాతయ్యా, నీకు ఫ్రెంచి వచ్చా?" అంది. మాస్టారి మొహం చూడాలి మీరు.

ఫైలు పాడవలేదు. ఆ రోజుల్లో మేమందరం కొట్టిన తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో. అప్పట్లో అదే పద్ధతి, అదే లేకపోతే మా డీటీపీలు నడిచేవే కావు. ఆ పద్ధతిలో కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలియదు. యూరప్ అక్షరాలు కూర్చునే గదుల్లో మన అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉంటే ఆ గదిలో "క" కనిపిస్తుంది, లేకపోతే గది అసలు యజమాని బయటికి వచ్చి నిలబడతాడు. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ విడివిడిగా గదులిచ్చే పద్ధతి యూనికోడ్. దాంట్లో అయితే తెలుగుకు సొంతంగా 128 గదులున్నాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది, ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. అయినా మేం మారలేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు కుదరదు, మా బతుకంతా పేజ్‌మేకరే. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లు ఇప్పుడు మీ కొత్త కంప్యూటర్లో రెండుసార్లు క్లిక్ చేస్తే దేంతో తెరవమంటారు అని మిమ్మల్నే అడుగుతుంది.

అందుకే, పాత కంప్యూటర్ ఊపిరితో ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. పేజ్‌మేకర్ ఫైలుగానీ, అను ఫాంట్‌లో ఉన్న వర్డ్ ఫైలుగానీ, ఆ పాత మెషీన్‌లోనే తెరిచి, అక్కడే పీడీఎఫ్ చేసేయండి. పాతవాటికి పీడీఎఫ్ ప్రింటర్ అని ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ కొట్టినట్టు కొడితే పీడీఎఫ్ వస్తుంది. ఫాంట్ కూడా దాంట్లోనే కూర్చుని వస్తుంది కాబట్టి ఏ మెషీన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. తర్వాత విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అని ఉంటుంది. అక్కడి తెలుగు, ఒడియా ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. కొత్తదాంట్లో ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే చాలు, వర్డ్ ఫైళ్లు చదవడానికి వీలవుతుంది. మళ్లీ అదే పద్ధతిలో టైపు చేయాలంటే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి.

చదవడమే కాకుండా వెతుక్కోవాలి, దిద్దాలి, వాట్సాప్‌లో పంపాలి అంటే యూనికోడ్‌లోకి మార్చాలి. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. చేత్తో మళ్లీ కొట్టే బాధ తప్పుతుంది. కానీ ప్రూఫ్ చూసే బాధ తప్పదు. నేను ఒక శుభలేఖ మారిస్తే "జ్యేష్ఠ పుత్రుడు" కాస్తా "జేష్ఠ పుతుడు" అయి కూర్చున్నాడు. "శుక్రవారం" "శుకవారం" అయింది. యావత్తు, రావత్తు, ఐత్వం, క్ష, నేను చూసినంతలో ఇవే ఎక్కువగా తారుమారవుతాయి. శుభలేఖ అయితే నవ్వుకుంటాం. మాస్టారి కందపద్యంలో రావత్తు పోతే ఛందస్సు పోయినట్టే కదా. ఆయన మూడు వారాలు కూర్చుని, పీడీఎఫ్ ఒక పక్కన, యూనికోడ్ ఒక పక్కన పెట్టుకుని, మొత్తం దిద్దారు. దిద్దుతూ దిద్దుతూ కొన్ని పద్యాలు కొట్టేశారు కూడా. "ఇవి నేనే రాశానా?" అన్నారు.

ఇదంతా ఎందుకింత సాగదీస్తున్నానంటే, 1936 ఏప్రిల్ 1న గంజాం ఇటు ఒడిశాలోకి వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. అప్పటి నుంచి మన వీధుల్లో వేసిన నాటకాలు, మన సంఘాల సావనీర్లు, నేతవాళ్ల దేరా వీధుల్లో పాడుకున్న పాటలు, మన బడుల ప్రశ్నపత్రాలు, ఇవి అటు హైదరాబాదులోనో విశాఖలోనో ఎవరో అచ్చు వేసి దాచి ఉంటారని అనుకోకండి. గిడుగు వారు పర్లాకిమిడిలో ఉండి సవర గిరిజనుల మాటలు రాసుకున్నది కాగితం మీద. కాగితం ఫాంట్ అడగదు. మనవి ఒకే ఒక్క కాపీ, ఎవరింట్లోనో గుడ్డ కప్పిన సీపీయూలో ఉంది.

కాపీలు ఎన్ని ఉండాలంటారా? మూడు. రెండు రకాల వస్తువుల మీద. వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా బయట. ఆ మూడోది ఎందుకని చాలామంది విసుక్కుంటారు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఎవరికైనా గుర్తు లేకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తరు. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి నా షాపు రేకు ఎగిరిపోయింది. కంప్యూటర్ తడిసింది, పక్క బీరువాలో ఉన్న బ్యాకప్ డిస్కూ తడిసింది. రెండూ ఒకే గదిలో ఉంటే రెండూ ఒకటే. ఇప్పుడు ఒక డిస్క్ మా పెద్దమ్మాయి దగ్గర విశాఖలో ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపుతాను. విశాఖకూ తుపాన్లు వస్తాయి గానీ, రెండు ఊళ్లకూ ఒకే రాత్రి రాదులే అని ధైర్యం.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు కూడా ఉంది. గూగుల్‌లో 15 జీబీ ఊరికే ఇస్తారు, మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. పద్యాలకు, కాగితాలకు అవి చాలు, ఫోటోలకు చాలవు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక తిరకాసు ఉంది, చూసుకోండి. మొదట సెటప్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. పాతవన్నీ డెస్క్‌టాప్ మీద కుమ్మరించగానే 5 జీబీ నిండింది, డబ్బు కట్టండి అంటుంది. అలాగే చాలా కొత్త మెషీన్లలో డిస్క్‌కి తాళం వేసి ఉంటుంది, బిట్‌లాకర్ అంటారు. దాని రికవరీ కీ 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో కనిపిస్తుంది. కాగితం మీద రాసి రేషన్ కార్డు పక్కన పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మీద అంటించకండి, అలా చేసినవాళ్లనూ చూశాను.

అన్నీ వచ్చాయనుకున్నాక పాతదాన్ని వెంటనే పాత సామాన్ల వాడికి వేసేయకండి. ఓ రెండు నెలలు ఉంచండి. ఏదో ఒకటి గుర్తొస్తుంది, మా ఇంట్లో అయితే మా ఆవిడకి దీపావళి ముందు అరిసెల కొలతలు గుర్తొచ్చాయి, ఏదో నోట్‌ప్యాడ్ ఫైల్లో. ఆ తర్వాత ఇచ్చేటప్పుడు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోదు. అది పుస్తకంలో విషయసూచిక చింపడం లాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. మీ బ్యాంకు కాగితాలు, ఆధార్ స్కాన్‌లు అందులో ఉంటాయి కదా. విండోస్ 8, ఆ తర్వాతవాటిలో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్ మొత్తం శుభ్రం చేయమనే ఆప్షన్ ఎంచుకోండి. అదీ తెలియకపోతే, లేదా అంతకన్నా పాత విండోస్ అయితే, డిస్క్ విప్పి ఇంట్లో ఉంచుకుని మిగతాది ఇచ్చేయండి.

ఇంక మాటలు చాలు. ఆ చివర దుప్పటి మూట ఒకటి కనిపిస్తోంది నాకు. ఎవరిదండీ అది? మీదా అమ్మా? ఆయనదా... సరే, ఇలా తీసుకురండి, మెల్లగా. బల్ల మీద పెట్టండి. స్క్రూడ్రైవర్ తెచ్చాను. రబ్బరు ముక్క ఎవరి దగ్గరైనా ఉందా, పిల్లల్లో?